పాయింట్ల నుంచి ట్రాన్సిస్టర్ దాకా: కారు ఇంజిన్ల జ్వలన వ్యవస్థలో వచ్చిన మార్పు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పెట్రోలు ఇంజిన్‌లో ఇంధన మిశ్రమాన్ని మండించే నిప్పురవ్వను ఆరు దశాబ్దాలకు పైగా నియంత్రించినవి ‘పాయింట్లు’ అనే రెండు చిన్న లోహపు బొడిపెలు. ట్రాన్సిస్టర్ 1947లోనే ఆవిష్కృతమైంది. దానితో పనిచేసే జ్వలన వ్యవస్థలు 1955 నాటికే రూపొందాయి. అయినా సామాన్య కార్లలో పాయింట్ల స్థానాన్ని ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఆక్రమించడానికి 1973-75 దాకా పట్టింది. ఈ ఆలస్యానికి సాంకేతిక కారణాలు ఎంతవరకు బాధ్యత వహిస్తాయో, అమెరికా వాయుకాలుష్య చట్టం పాత్ర ఎంతటిదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జ్వలన వ్యవస్థ, కెటరింగ్, కాంటాక్ట్ పాయింట్లు, ట్రాన్సిస్టర్, స్వచ్ఛవాయు చట్టం, ఉత్ప్రేరక పరివర్తకం, సీడీఐ.

ఉపోద్ఘాతం

పెట్రోలు ఇంజిన్ చరిత్రలో గాలిని, ఇంధనాన్ని సిలిండర్‌లోకి రప్పించడం కన్నా, ఆ మిశ్రమాన్ని సరైన క్షణంలో వెలిగించడమే నిర్మాతలను ఎక్కువగా వేధించింది. 1860లో ఎతియెన్ లెన్వా తన గ్యాసు ఇంజిన్‌లో బ్యాటరీతో, రూమ్‌కార్ఫ్ ప్రేరణ కాయిల్‌తో విద్యుత్ రవ్వను పుట్టించాడు. 1876లో నికోలస్ ఆటో నిర్మించిన నాలుగు ఘాతాల ఇంజిన్ దానికి భిన్నంగా, ఎప్పుడూ వెలుగుతూ ఉండే ఒక చిన్న జ్వాలను జారుడు కవాటం ద్వారా సిలిండర్‌లోకి చూపించే పద్ధతిని ఆశ్రయించింది. డైమ్లర్ ఎర్రగా కాలిన గొట్టాన్ని వాడాడు. ఈ గొట్టానికి వెలిగించే క్షణాన్ని మార్చుకునే వీలు లేదు. ఇంజిన్ ఎంత వేగంగా తిరిగినా అది తన తీరున తాను కాలుతూనే ఉంటుంది. 1886 నాటి బెంజ్ మోటారు బండి మళ్లీ బ్యాటరీ, కాయిల్ వైపే మొగ్గింది. కాని ఆనాటి బ్యాటరీని నడుస్తున్న బండిలో తిరిగి నింపే ఏర్పాటు లేదు.

బ్యాటరీ అవసరమే లేకుండా చేసినవాడు రాబర్ట్ బాష్. తిరిగే ఇంజిన్ నుంచే విద్యుత్తును పుట్టించే మాగ్నెటోను ఆయన 1887లో ఒక స్థిర ఇంజిన్‌కు తయారుచేశాడు. 1897లో దానిని డి డియోన్-బూటాన్ మూడుచక్రాల బండికి అమర్చాడు. ఆయన సంస్థలోని ఇంజనీరు గాట్‌లోబ్ హొనోల్డ్ 1902లో స్పార్క్ ప్లగ్‌తో పనిచేసే అధిక వోల్టేజీ మాగ్నెటోను రూపొందించాడు. చిన్న విమానాల పిస్టన్ ఇంజిన్లలో మాగ్నెటో నేటికీ కొనసాగుతోంది. బ్యాటరీ చచ్చినా ఇంజిన్ ఆగకూడదన్న నియమం అక్కడ మిగతా సౌకర్యాలన్నింటికన్నా పెద్దది.

కెటరింగ్ వ్యవస్థ: నిర్మాణం, పనితీరు

అమెరికాలోని డేటన్ నగరానికి చెందిన చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ జ్వలన వ్యవస్థ 1910 నమూనా కాడిలాక్ కారులో ప్రవేశించింది. 1912లో అదే సంస్థ కార్లకు ఆయన విద్యుత్ స్టార్టర్‌ను అందించాడు. చరిత్రకారులు ఈ రెండింటినీ వేరువేరు ఆవిష్కరణలుగా చెప్పడం పరిపాటి. కాని ఇవి ఒకదానికొకటి ఊతం. స్టార్టర్ కోసం పెద్ద బ్యాటరీ, దానిని నింపే డైనమో కారులోకి వచ్చాక మాగ్నెటోకు ఉన్న ప్రధానమైన ఆధిక్యం కరిగిపోయింది. కెటరింగ్ సంస్థ పేరు డేటన్ ఇంజనీరింగ్ లాబొరేటరీస్ కంపెనీ. దాని పొట్టిరూపం ‘డెల్కో’. భారతదేశంలో చాలాచోట్ల మెకానిక్కులు డిస్ట్రిబ్యూటర్‌ను ఏ కంపెనీ చేసినదైనా ‘డెల్కో’ అనే పిలవడం దీని నుంచి వచ్చినదే.

ఈ వ్యవస్థలో ఇగ్నిషన్ కాయిల్ ముఖ్యభాగం. ఇనుప దిండు చుట్టూ లావుపాటి తీగతో కొన్ని వందల చుట్లు, సన్నని తీగతో వేల చుట్లు ఉంటాయి. రెండింటి నిష్పత్తి సుమారు ఒకటికి వంద. పాయింట్లు కలిసి ఉన్నప్పుడు బ్యాటరీ నుంచి మొదటి చుట్టలో విద్యుత్ ప్రవహించి, అయస్కాంత క్షేత్రం రూపంలో శక్తి పోగుపడుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఇరుసు మీది మిట్ట పాయింట్లను విడదీసిన క్షణాన ఆ ప్రవాహం తెగి, క్షేత్రం కుప్పకూలుతుంది. అప్పుడు మొదటి చుట్టలో 200 నుంచి 300 వోల్టులు, రెండవ చుట్టలో 15 నుంచి 25 వేల వోల్టులు పుడతాయి. రోటర్ దానిని వంతు వచ్చిన సిలిండర్ ప్లగ్‌కు చేరవేస్తుంది. రవ్వ పుట్టేది పాయింట్లు కలిసినప్పుడని చాలామంది పొరబడతారు. నిజానికి అది విడిపోయినప్పుడే పుడుతుంది. ఎలక్ట్రానిక్ వ్యవస్థ చరిత్ర అంతా ఈ విడిపోవడాన్ని మరింత చక్కగా చేయడం గురించినదే.

విడిపోతున్న పాయింట్ల మధ్య కూడా రవ్వ దూకడానికి ప్రయత్నిస్తుంది. అది దూకితే ప్రవాహం తటాలున తెగదు, కాయిల్‌లోని శక్తి అక్కడే వృథా అవుతుంది. దానిని అడ్డుకొనేది పాయింట్లకు సమాంతరంగా కలిపిన కండెన్సర్. ఇది కెటరింగ్ కల్పన కాదు. ప్రేరణ కాయిల్‌కు కండెన్సర్‌ను జోడించమని ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త ఫిజో 1853లోనే సూచించాడు. కాయిల్, విచ్ఛేదకం, కండెన్సర్ - ఈ మూడూ పందొమ్మిదో శతాబ్దపు ప్రయోగశాల సామగ్రి. వాటిని దుమ్ము, నూనె, కుదుపుల మధ్య ఏళ్ల తరబడి చవకగా పనిచేసేలా కూర్చడమే కెటరింగ్ ఘనత. అది చిన్న ఘనతేమీ కాదు.

రవ్వ ఎప్పుడు పుట్టాలన్నది మరో సమస్య. మిశ్రమం పూర్తిగా మండడానికి రెండు మూడు మిల్లీసెకండ్లు పడుతుంది. నిమిషానికి 1000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో క్రాంక్ ఇరుసు ఒక మిల్లీసెకండులో 6 డిగ్రీలు తిరిగితే, 6000 చుట్ల వద్ద 36 డిగ్రీలు తిరుగుతుంది. కాబట్టి వేగం పెరిగేకొద్దీ రవ్వను ముందుకు జరపాలి. ఫోర్డ్ మోడల్ టీ కారులో ఈ పని స్టీరింగ్ కింది మీటతో డ్రైవరే చేసేవాడు. తరువాతి డిస్ట్రిబ్యూటర్లలో వేగాన్ని బట్టి విచ్చుకునే చిన్న బరువులు, స్ప్రింగులు ఆ పనిని తీసుకున్నాయి. ఇంజిన్ మీది భారాన్ని బట్టి సవరించడానికి ఇన్‌టేక్ శూన్యపీడనంతో కదిలే పొరను అమర్చారు. అరచేతిలో ఇమిడే ఆ పరికరం ఒక యాంత్రిక గణకం అనదగినది. దాని లెక్క స్థూలమైనదే అయినా, అర్ధశతాబ్దం పాటు అందరికీ సరిపోయింది.

పాయింట్ల పరిమితులు

సరిపోయిందన్న మాటకు హద్దు ఉంది. దానిని ఒక లెక్కతో చూడవచ్చు. 12 వోల్టుల బ్యాటరీ, 3 ఓముల నిరోధం, 8 మిల్లీహెన్రీల ప్రేరకత్వం గల కాయిల్‌ను తీసుకుంటే ప్రవాహం గరిష్ఠంగా 4 ఆంపియర్లకు చేరుతుంది. అప్పుడు పోగుపడే శక్తి 64 మిల్లీజౌళ్లు. కాని ప్రవాహం ఒక్కసారిగా పెరగదు. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 5000 చుట్లు తిరిగితే సెకండుకు 333 రవ్వలు కావాలి. అంటే ఒక్కొక్క రవ్వకు 3 మిల్లీసెకండ్లు. అందులో పాయింట్లు కలిసి ఉండేది సుమారు 2 మిల్లీసెకండ్లు. ఆ వ్యవధిలో ప్రవాహం 2.1 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. శక్తి ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక మిగిలేది 18 మిల్లీజౌళ్లు మాత్రమే. ఇంజిన్‌కు బలమైన రవ్వ అత్యవసరమైన చోట రవ్వ బలహీనపడుతుందన్నమాట. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో అదే వేగానికి వ్యవధి రెట్టింపు కనుక ఈ ఇబ్బంది అంతగా తెలియదు. పెద్ద వీ-8 ఇంజిన్లకు అలవాటుపడిన అమెరికాలోనూ, అతివేగంగా తిరిగే పందెపు కార్లలోనూ ప్రత్యామ్నాయం కోసం వెతుకులాట ముందుగా మొదలవడానికి కారణం ఇదే.

కాయిల్ నిరోధాన్ని తగ్గించి ప్రవాహాన్ని పెంచితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. అయితే 4 ఆంపియర్లు దాటితే పాయింట్లు త్వరగా కాలిపోతాయి. ఆ ప్రవాహంలోనే ఒక బొడిపె మీద గుంట, రెండోదాని మీద మిట్ట ఏర్పడతాయి. మిట్టకు ఆనే ఫైబర్ మడమ అరుగుతుంది. అది అరిగినకొద్దీ పాయింట్ల మధ్య ఎడం తగ్గి, రవ్వ పుట్టే సమయం వెనక్కి జరుగుతుంది. సుమారు 10 నుంచి 12 వేల మైళ్లకు ఒకసారి పాయింట్లు మార్చాలి; మధ్యలో ఉప్పుకాగితంతో రుద్ది, ఫీలర్ గేజ్‌తో ఎడం సరిచూడాలి. అంటే కొత్తగా సర్దిన రోజు తప్ప మిగిలిన కాలమంతా కారు తన నిర్ణీత స్థితి నుంచి కొద్దికొద్దిగా తప్పుకుంటూనే ఉంటుంది. ఈ చివరి వాక్యం 1970 దాకా ఎవరికీ పెద్ద ఫిర్యాదు కాలేదు. చట్టం రంగంలోకి వచ్చాక దోషానికి ఇదే ప్రధాన సాక్ష్యమైంది.

ట్రాన్సిస్టర్ ప్రవేశం

బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెన్, షాక్లీల కృషితో 1947 డిసెంబరులో ట్రాన్సిస్టర్ వెలువడింది. కదిలే భాగం లేకుండా ప్రవాహాన్ని తెంచగల స్విచ్చి కావాలన్న జ్వలన ఇంజనీర్ల కోరికకు అది సరిగ్గా అతికే సాధనం. బ్రిటన్‌లోని లూకాస్ సంస్థ 1955లో ట్రాన్సిస్టర్ జ్వలన వ్యవస్థను ప్రకటించింది. 1962లో బీఆర్‌ఎమ్, కావెంట్రీ క్లైమాక్స్ ఫార్ములా వన్ ఇంజిన్లు దానిని వాడాయి. 1963లో జనరల్ మోటార్స్ తన పాంటియాక్ కార్లలో కొన్నింటికి పాయింట్లే లేని డెల్కోట్రానిక్ వ్యవస్థను, అదనపు ధర చెల్లించి కోరుకున్న కొనుగోలుదారులకు అందించింది.

ఈ కాలపు వ్యవస్థలు రెండు తెగలు. మొదటిదానిలో పాయింట్లు ఉంటాయి గాని, అవి కాయిల్ ప్రవాహాన్ని మోయవు. ట్రాన్సిస్టర్‌ను నడిపే స్వల్ప ప్రవాహాన్ని మాత్రమే తెంచుతాయి. బొడిపెలు కాలవు కాని మడమ అరుగుదల మిగిలే ఉంటుంది. రెండవదానిలో పాయింట్లే ఉండవు. సిలిండర్ల సంఖ్యకు సరిపడా పళ్లున్న ఇనుప చక్రం అయస్కాంతం ముందు తిరిగి, పక్కనున్న చిన్న తీగచుట్టలో సంకేతాన్ని పుట్టిస్తుంది. మరికొన్ని వ్యవస్థలు ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్న ప్రభావాన్ని వాడాయి: విద్యుత్ ప్రవహిస్తున్న పలక మీద అయస్కాంత క్షేత్రం పడితే అడ్డంగా వోల్టేజీ పుడుతుంది, తిరిగే రేకు క్షేత్రాన్ని మూసి తెరిస్తే చాలు, స్పష్టమైన సంకేతం లభిస్తుంది. ఇనుప చక్రపు సంకేతం ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు బలహీనపడుతుంది. హాల్ పరికరానికి వేగంతో పని లేదు.

తొలి ట్రాన్సిస్టర్ల బలహీనతను విస్మరించరాదు. అవి జెర్మేనియంతో చేసినవి; వేడికి ఓర్చవు, కాయిల్‌లో పుట్టే 300 వోల్టుల ఎదురుదెబ్బకు తట్టుకోవు. అందుకే చుట్ల నిష్పత్తి ఎక్కువగా ఉన్న ప్రత్యేక కాయిల్ వాడవలసి వచ్చేది. కారు బానెట్ కింద, ఎండాకాలపు రద్దీలో ఆగి ఉన్న ఇంజిన్ పక్కన, అవి నమ్మదగినవి కావు. ఎక్కువ వోల్టేజీకి, వేడికి నిలిచే సిలికాన్ శక్తి ట్రాన్సిస్టర్లు 1960 దశకపు ద్వితీయార్ధంలో చవకగా రావడం మొదలైంది.

ఇదే కాలంలో మరో మార్గం కూడా తెరుచుకుంది. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ వెలువరించిన థైరిస్టర్ ఆధారంగా కెపాసిటర్ ఉత్సర్గ జ్వలనం, అంటే సీడీఐ, రూపుదిద్దుకుంది. ఇందులో శక్తిని కాయిల్‌లో కాక, 300 నుంచి 400 వోల్టులకు నింపిన కెపాసిటర్‌లో దాచి, థైరిస్టర్ ద్వారా ఒక్కసారిగా కాయిల్‌లోకి వదులుతారు. వోల్టేజీ కొన్ని మైక్రోసెకండ్లలోనే లేస్తుంది కనుక నూనె, మసి పట్టిన ప్లగ్‌లో కూడా రవ్వ దూకుతుంది. రెండు ఘాతాల స్కూటర్లకు, మోటారుసైకిళ్లకు ఇది వరమైంది. అయితే రవ్వ మిల్లీసెకండు కూడా నిలవదు. పలుచని మిశ్రమాన్ని వెలిగించడానికి ఎక్కువసేపు నిలిచే రవ్వ కావాలి. ఉద్గార నియమాలు పలుచని మిశ్రమం వైపే ఇంజనీర్లను నెట్టాయి. కార్లలో కాయిల్ పద్ధతి, ద్విచక్ర వాహనాలలో సీడీఐ స్థిరపడడానికి ఇదొక ముఖ్యకారణం.

యాభైవేల మైళ్ల షరతు

పై వివరాలను బట్టి 1968 నాటికి సాంకేతికంగా పెద్ద అడ్డంకులు తొలగినట్టే. ఆ ఏడాది ఫియట్ డినో ఎలక్ట్రానిక్ జ్వలనాన్ని ప్రామాణిక అమరికగా పొందింది. 1971లో జాగ్వార్ వీ-12 ఇంజిన్‌కు లూకాస్ ఓపస్ వ్యవస్థ వచ్చింది. ఇవన్నీ ఖరీదైన కార్లు. సాధారణ కారు నిర్మాత దృష్టిలో పాయింట్ల సెట్టు అతి చవక వస్తువు. దాని అరుగుదల ఖర్చును యజమాని భరిస్తాడు. మండకుండా వెళ్లిపోయే ఇంధనపు ఖర్చును గాలి భరిస్తుంది. నిర్మాతకు మార్చవలసిన అవసరమేమీ లేదు.

ఈ ఖర్చు ఎవరి ఖాతాలో పడాలన్న ప్రశ్న లాస్ ఏంజిలిస్ పొగమంచు నుంచి పుట్టింది. మండని హైడ్రోకార్బన్లు, నత్రజని ఆక్సైడ్లు సూర్యకాంతిలో చర్య జరిపి ఆ పొగను సృష్టిస్తున్నాయని కాలిఫోర్నియా సాంకేతిక సంస్థకు చెందిన హాగెన్-స్మిట్ 1950ల ఆరంభంలో నిరూపించాడు. 1970 చివర అమల్లోకి వచ్చిన అమెరికా స్వచ్ఛవాయు చట్ట సవరణలు, 1975 నమూనా కార్లలో హైడ్రోకార్బన్లను, కార్బన్ మోనాక్సైడ్‌ను 90 శాతం తగ్గించాలని నిర్దేశించాయి. తరువాత గడువును కొంత సడలించినా దిశ మారలేదు. అదే చట్టంలో తక్కువగా చర్చకు వచ్చే మరో నిబంధన ఉంది. కారు కొత్తగా ఉన్నప్పుడే కాదు, ఐదేళ్లు లేదా 50,000 మైళ్ల పాటు ఆ ప్రమాణాలను నిలబెట్టుకోవాలి. 10 వేల మైళ్లకే అరిగిపోయే భాగంతో ఇది సాధ్యం కాదు. ప్రతి యజమాని వేళకు పాయింట్లు మార్పిస్తాడన్న హామీ ఏ నిర్మాతా ఇవ్వలేడు.

దీనికి తోడు 1975 నమూనాలతో ఉత్ప్రేరక పరివర్తకాలు వచ్చాయి. ఒక సిలిండర్‌లో రవ్వ తప్పితే మండని మిశ్రమం పొగగొట్టం గుండా పరివర్తకాన్ని చేరి అక్కడ మండుతుంది. లోపలి సిరామిక్ దిమ్మ కరిగిపోయేంత వేడి పుడుతుంది. గతంలో రవ్వ తప్పడం ఒక కుదుపు, కాస్త పెట్రోలు నష్టం. ఇప్పుడది ఖరీదైన పరికరపు వినాశనం. క్రైస్లర్ 1973 నమూనాల నుంచి అమెరికాలో తయారయ్యే తన కార్లన్నింటిలో పాయింట్లను తీసివేసింది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ 1975లో అనుసరించాయి. జనరల్ మోటార్స్ అధికశక్తి జ్వలనంలో తక్కువ నిరోధపు కాయిల్‌ను వాడి, ప్రవాహాన్ని ట్రాన్సిస్టరే పరిమితం చేసింది. వోల్టేజీ 35 వేల దాకా లేవడంతో ప్లగ్ ఎడాన్ని 0.9 మిల్లీమీటర్ల నుంచి 1.5 మిల్లీమీటర్ల దాకా పెంచగలిగారు. పెద్ద ఎడంలో పెద్ద రవ్వ, దానితో పలుచని మిశ్రమమూ అంటుకుంటుంది.

చట్టం లేకపోతే ఎలక్ట్రానిక్ జ్వలనం రాకపోయేదనడం అతిశయోక్తి అవుతుంది. ఐరోపాలో పరివర్తకాలు తప్పనిసరి అయింది 1990ల ఆరంభంలోనే అయినా, 1980లలోనే చాలా కార్లు పాయింట్లను వదిలాయి; 1973 చమురు సంక్షోభం తరువాత పెట్రోలు పొదుపు, సిలికాన్ ధరల తగ్గుదల అందుకు తోడ్పడ్డాయి. అయితే అమెరికా మూడు పెద్ద సంస్థలు రెండేళ్ల వ్యవధిలో, చవక కార్లతో సహా, ఒక్కుమ్మడిగా మారడాన్ని ధరల తగ్గుదల ఒక్కటే వివరించలేదు. ధర క్రమంగా తగ్గుతుంది. గడువు మాత్రం ఒక తేదీన వస్తుంది.

స్విచ్చి నుంచి గణనకు

పాయింట్లు పోయినా తొలి ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్లలో బరువులు, స్ప్రింగులు అలాగే ఉన్నాయి. రవ్వ ఎలా పుట్టాలన్నది మారింది. ఎప్పుడు పుట్టాలన్నది యంత్రం చేతిలోనే ఉండిపోయింది. 1976లో క్రైస్లర్ పలుచని మిశ్రమపు వ్యవస్థలో ఒక అనలాగ్ గణక యంత్రం, 1977 ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడోలో మైక్రోప్రాసెసర్ ఈ నిర్ణయాన్ని చేపట్టాయి. 1979లో బాష్ మోట్రానిక్, బీఎండబ్ల్యూ 732ఐ కారులో ఇంధన సరఫరాను, జ్వలనాన్ని ఒకే నియంత్రణ పెట్టెలో కలిపింది. వేగం, భారాల ప్రతి జతకూ తగిన కోణాన్ని పట్టికగా జ్ఞాపకంలో ఉంచడం, ఉష్ణోగ్రతను బట్టి సవరించడం స్ప్రింగుకు సాధ్యం కాని పనులు. ఇంజిన్ దిమ్మకు బిగించిన సంవేదకం ‘నాకింగ్’ కంపనాన్ని పసిగట్టి, రవ్వను కాస్త వెనక్కి జరిపే ఏర్పాటు 1978 బ్యూయిక్ టర్బో ఇంజిన్లలో కనిపిస్తుంది.

చివరికి డిస్ట్రిబ్యూటర్ కూడా తొలగిపోయి, రెండు సిలిండర్లకొక కాయిల్, ఆపైన ప్రతి ప్లగ్‌కూ ఒక కాయిల్ వచ్చాయి. డిస్ట్రిబ్యూటర్ లేకపోవడం ఎలక్ట్రానిక్ యుగపు విశేషమని భావించడం మాత్రం పొరపాటు. 1948 నాటి సిట్రోయెన్ 2సీవీ కారు, రెండు సిలిండర్లకూ ఒకేసారి రవ్వ ఇచ్చే కాయిల్‌తో, పాయింట్లతోనే, డిస్ట్రిబ్యూటర్ లేకుండా నడిచింది.

1996 నుంచి అమెరికా కార్లన్నింటిలో రవ్వ తప్పడాన్ని కారే స్వయంగా గుర్తించి నమోదు చేయాలన్న నియమం వచ్చింది. క్రాంక్ ఇరుసు వేగంలోని అతి స్వల్పమైన తగ్గుదలను బట్టి ఏ సిలిండర్ మండలేదో నియంత్రణ పెట్టె లెక్కగడుతుంది. అంతకు ముందు ఆ పని మెకానిక్ చెవిది.

భారతీయ సందర్భం

భారతదేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు పాయింట్ల వ్యవస్థతోనే దశాబ్దాలు నడిచాయి. 1961లో మద్రాసులో ఏర్పడిన లూకాస్-టీవీఎస్ విద్యుత్ పరికరాలు, బెంగళూరు మైకో సంస్థ స్పార్క్ ప్లగ్‌లు ఆ కాలపు తెలుగు జిల్లాల మెకానిక్ షెడ్లలో ఇంటిపేర్లంత సుపరిచితాలు. ఇక్కడ కూడా కాలక్రమం చట్టాన్ని ఆనుకునే నడిచింది. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు ఉత్ప్రేరక పరివర్తకాలు, సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయ్యాయి. 2000 ఫిబ్రవరి నాటికి సీసం లేని పెట్రోలు దేశమంతటా వ్యాపించింది. అదే ఏడాది కొత్త దేశవ్యాప్త ఉద్గార ప్రమాణాలు అమలుకొచ్చాయి. కార్బురేటర్, దానితోపాటు పాత డిస్ట్రిబ్యూటర్ కొత్త కార్ల నుంచి తప్పుకున్నాయి.

ఈ మార్పులో మెకానిక్కుల జ్ఞానం ఏమైందన్నది సాంకేతిక చరిత్రలలో సాధారణంగా అడగని ప్రశ్న. పాయింట్ల దోషం కంటికి కనిపిస్తుంది. బొడిపె నల్లబడితే రుద్దవచ్చు. కండెన్సర్ పోతే పాయింట్ల మధ్య పెద్ద రవ్వ చెబుతుంది. సమయం తప్పితే డిస్ట్రిబ్యూటర్‌ను చేత్తో కాస్త తిప్పి, ఇంజిన్ మోత విని బిగించవచ్చు. జిగురుపదార్థంతో పోతపోసిన ఎలక్ట్రానిక్ పెట్టె పనిచేస్తుంది, లేదా పనిచేయదు. మధ్యస్థితి లేదు, విప్పి చూసే వీలు అంతకన్నా లేదు. ఎన్నోరెట్లు తక్కువగా చెడుతుంది కనుక మొత్తం మీద యజమానికి లాభమే. అయినా చెడినప్పుడు దారిలో చేయగలిగేది ఏమీ లేదు. పాత కార్లను పోషించే యజమానులు నేడు పాయింట్ల స్థానంలో డిస్ట్రిబ్యూటర్ మూత కిందే ఇమిడే హాల్ పరికరాన్ని బిగించుకుంటున్నారు. వారిలో చాలామంది తీసిన పాయింట్ల సెట్టును, కండెన్సర్‌ను, ఒక చిన్న స్క్రూడ్రైవర్‌తో సహా, డిక్కీలో దాచి ఉంచుతారు.